ఉరుకుడు సరే... ఆగుడెట్ల?

కరెంటు కారు అనగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న... ‘ఒక్కసారి చార్జి చేస్తే ఎంత దూరం పోతుంది?’ రెండోది... ‘ఎంత స్పీడు?’ మూడో ప్రశ్న ఒకటుంది. దాన్ని షోరూములో అడిగేవాళ్ళు చాలా తక్కువ. ‘ఎంతలో ఆగుతుంది?’ ఆ ప్రశ్నను వెంటబెట్టుకుని మూడు విద్యుత్తు కార్లతో హైదరాబాద్ నుంచి జనగామ జిల్లా రఘునాథపల్లి దాకా సాగిన ప్రయాణం ఇది.

ఉప్పల్ దాటి, ఘట్‌కేసర్, బీబీనగర్‌లను వెనక్కి నెట్టేస్తే వరంగల్ దారి ఊపిరి పీల్చుకుంటుంది. భువనగిరి ఏకశిలా గుట్ట కనిపిస్తుంది. రాయగిరి దగ్గర యాదగిరిగుట్టకు దారి చీలుతుంది. ఆ తర్వాత ఆలేరు, ఇత్తడి బొమ్మల పెంబర్తి, జనగామ... ఇంకో పద్నాలుగు, పదిహేను కిలోమీటర్లు పోతే రఘునాథపల్లి. హైదరాబాద్ నుంచి లెక్కేస్తే దాదాపు వంద కిలోమీటర్లు. ఒకప్పుడు 202గా ఉండి ఇప్పుడు 163వ నెంబరు జాతీయ రహదారి అయిన నాలుగు వరుసల దారి ఒకవైపు, కాజీపేట-సికింద్రాబాద్ రైలు పట్టాలు ఇంకోవైపు. 2016 అక్టోబరులో జనగామ జిల్లా ఏర్పడేదాకా ఇది వరంగల్ జిల్లాలో ఓ మండలం.

ఈ ఊరిని చూసినవాళ్ళు లక్షల్లో ఉంటారు. దిగినవాళ్ళు తక్కువ. వరంగల్ పెళ్ళికి పోయేవాళ్ళు, మేడారం జాతరకు పోయేవాళ్ళు, హన్మకొండ హాస్టల్లో పిల్లల్ని దింపడానికి పోయేవాళ్ళు... అందరూ దీన్ని కారు అద్దంలోంచే చూస్తారు. దాటిపోయే ఊళ్ళకు ఓ కష్టముంటుంది. అక్కడి మనుషులు రోజూ ఆ దారిని అడ్డంగా దాటాలి. పొలం అటు, ఇల్లు ఇటు. బడి ఇటు, బస్సు అటు.

కార్లను పోల్చడానికి ఇంతకంటే మంచి చోటెక్కడుంది?

బ్రాండ్ల పోటీ కాదు

ముగ్గురు మిత్రులు, మూడు కార్లు. ఒకటి నగరంలో తిరగడానికి కొన్న చిన్న హ్యాచ్‌బ్యాక్. రెండోది కుటుంబమంతా పట్టే మధ్యస్థపు ఎస్‌యూవీ. మూడోది వెనక చక్రాలను తిప్పే మోటారుతో వచ్చిన పెద్ద ఎస్‌యూవీ. ఏ కంపెనీది గొప్ప అని తేల్చడం మన పని కాదు. చిన్న, మధ్య, పెద్ద... ఈ మూడు రకాలూ పల్లె పక్కనుంచి పోయేటప్పుడు ఎలా నడుస్తాయన్నదే ముఖ్యం.

కరెంటు కారు కొత్త వింతేమీ కాదు. గంటకు వంద కిలోమీటర్ల వేగాన్ని మొట్టమొదట దాటిన కారు పెట్రోలుది కాదు, కరెంటుదే! 1899లో బెల్జియం దేశస్థుడు కామిల్ జెనాట్సీ ఫ్రాన్సులో టార్పెడో ఆకారంలో ఉన్న బండిలో గంటకు 105 కిలోమీటర్ల పైచిలుకు వేగాన్ని అందుకున్నాడు. మనదేశంలో 2001లో బెంగళూరు నుంచి బుల్లి ‘రేవా’ వచ్చింది. లెడ్ యాసిడ్ బ్యాటరీలతో 80 కిలోమీటర్ల దాకా పోయేది. వరంగల్ దాకా దాంట్లో వెళ్ళాలని ఎవరూ అనుకోలేదు. 2019లో హ్యుందాయ్ కోనా, 2020లో టాటా నెక్సాన్, ఎంజీ జెడ్‌ఎస్ వచ్చాకే కరెంటు కారు ఊరు దాటడం మొదలుపెట్టింది.

టోల్‌గేటు దగ్గర పులి

పికప్ సంగతి తేలాలంటే రేసు ట్రాక్ అక్కర్లేదు. రఘునాథపల్లి మండలంలోనే ఉన్న కోమళ్ల టోల్‌ప్లాజా చాలు. గేటు లేస్తుంది. పక్క వరుసలో పెట్రోలు కారు గేరు వేసి, క్లచ్ వదిలి, గొంతు సవరించుకునేలోపు మన కారు ముందుకు దూకేస్తుంది.

ఎందుకలా? పెట్రోలు ఇంజిను కొన్ని వేల చుట్లు తిరిగితేగానీ తన పూర్తి బలం చూపలేదు. మోటారుకు ఆ బాధ లేదు. నిలబడ్డ చోటునుంచే మొత్తం లాగుడు శక్తి చేతికొస్తుంది. ఎడ్లబండి కదిలించేటప్పుడే కదా ఎద్దుకు బలమంతా కావాల్సింది! మోటారు సరిగ్గా అలాంటి ఎద్దు.

కంపెనీలు చెప్పే అంకెలు చూద్దాం. 2023లో వచ్చిన రెండు తలుపుల ఎంజీ కామెట్‌ది 42 హార్స్‌పవర్. నగరానికి సరిపోతుంది. టాటా టియాగో ఈవీలో పెద్ద బ్యాటరీ రకానిది 75 హార్స్‌పవర్, 60 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 5.7 సెకన్లు. 2020 నాటి నెక్సాన్ ఈవీది 129 హార్స్‌పవర్, సున్నా నుంచి వందకు పది సెకన్ల లోపే. మహీంద్రా ఎక్స్‌యూవీ 400కు అదే పనికి 8.3 సెకన్లు. 2024 నవంబరులో చూపించిన బీఈ 6 పెద్ద బ్యాటరీ రకానికి 6.7 సెకన్లు. ఇరవై ఏళ్ళ క్రితం ఆరేడు సెకన్ల కారంటే సినిమా తారల ఇళ్ళ ముందే కనిపించేది. ఇప్పుడు బ్యాంకు రుణంతో ఇంటి ముందుకొస్తోంది.

మంచిదే. ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఆ బలమే ప్రాణం కాపాడుతుంది. పత్తి లోడు లారీని దాటడానికి చిన్న కారు తొంభై దగ్గర కాస్త ఆయాసపడుతుంది. మధ్యది తేలిగ్గా దాటేస్తుంది. పెద్దదానికి దాటినట్టే తెలియదు. చిక్కంతా అక్కడే! శబ్దం లేదు, అదురు లేదు, గేరు మార్చే పని లేదు. 80 అనుకుంటూ మీటరు చూస్తే 110 ఉంటుంది. పాత కారు వేగం పెరిగితే అరిచి చెప్పేది. కొత్త కారు చెప్పదు. మనమే చూసుకోవాలి.

గొర్లు గూడ జరగలే!

డివైడర్ మధ్య తెరిచి ఉంచిన ఓ దారి దగ్గర గొర్రెల మంద రోడ్డెక్కింది. జనగామ ప్రాంతంలో ఇది రోజూ ఉండేదే. గొంగడి భుజాన వేసుకున్న పెద్దాయన ముందు నడుస్తున్నాడు. దూరం నుంచే కనిపించడంతో మూడు కార్లూ నెమ్మదిగా వచ్చి ఆగాయి. ఆయన మాత్రం వెనక్కి తిరిగి చూసి ఉలిక్కిపడ్డాడు.

“గీ కార్లకు సప్పుడే లేదేంది బిడ్డా? ఎన్కకొచ్చి నిలబడ్డదాక ఎర్కనే లేదు. లారీ వస్తే నేల అదురుతది, గొర్లే పక్కకు జరుగుతయి. మీరొస్తే గొర్లు గూడ జరగలే!”

ఇంత చక్కటి విశ్లేషణ ఏ ఆటోమొబైల్ పుస్తకంలోనూ దొరకదు. తరతరాలుగా పల్లె చెవితో రోడ్డు దాటుతోంది. ఇంజిను మోత వినబడితే ఆగడం, లేకపోతే నడవడం... అదీ అలవాటు. ఐరోపా దేశాలు ఈ ప్రమాదాన్ని ముందే గుర్తించాయి. కరెంటు కార్లు నెమ్మదిగా పోయేటప్పుడు కావాలనే ఓ శబ్దం చేయాలని 2019 జులై నుంచి కొత్త మోడళ్ళకు, 2021 జులై నుంచి కొత్తగా అమ్మే కార్లన్నింటికీ నిబంధన పెట్టాయి. మన కేంద్ర రవాణా శాఖ కూడా 2025 సెప్టెంబరులో ఇలాంటి నిబంధనకు ముసాయిదా విడుదల చేసింది.

అయితే ఆ శబ్దం నెమ్మదిగా పోయేటప్పటి మాట. హైవే వేగంలో ఊరు దగ్గరపడితే కాపాడేది ఒక్కటే... ఆగడం.

నాలుగు క్రికెట్ పిచ్‌లు

హైవే మీద బ్రేకు పరీక్షలు చేయకూడదు. వెనక లారీ వస్తుంటుంది. అందుకే కాగితం మీద లెక్క వేద్దాం. పొడి రోడ్డు, మంచి టైర్లు, ఏబీఎస్ ఉన్న కారు. అడ్డం వచ్చింది చూసి బ్రేకు మీద కాలు వేయడానికి మనిషికి ఒక సెకను పడుతుందనుకుందాం.

60 కిలోమీటర్ల వేగంలో ఆ సెకనులోనే కారు 17 మీటర్లు పోతుంది. తర్వాత ఆగడానికి ఇంకో 20. మొత్తం 37 మీటర్లు. అంటే దాదాపు రెండు క్రికెట్ పిచ్‌లు. 80లో 57 మీటర్లు... సుమారు మూడు పిచ్‌లు. వందలో 83 మీటర్లు... నాలుగు పిచ్‌లకు పైనే! వేగం 80 నుంచి 100కు పావు వంతే పెరిగింది. ఆగే దూరం దాదాపు సగం పెరిగింది. వాన పడితే ఇంకా పెరుగుతుంది.

ఈ లెక్క పెట్రోలు కారుకూ అంతే, కరెంటు కారుకూ అంతే. మరి తేడా ఎక్కడ?

మొదటిది బరువు. బ్యాటరీ వందల కిలోలుంటుంది. అందుకే అదే సైజు పెట్రోలు కారుకన్నా కరెంటు కారు బరువెక్కువ. ఆ బరువును ఆపే భారం చివరికి టైర్ల మీదే పడుతుంది. అరిగిన టైర్లతో పెట్రోలు కారు నడపడం తప్పు. కరెంటు కారు నడపడం ఇంకా పెద్ద తప్పు. మోటారు లాగుడుకి టైర్లు త్వరగానే అరుగుతాయి కూడా.

రెండోది... కాలు తీస్తేనే పడే బ్రేకు.

రైలు నేర్పిన పాఠం

రఘునాథపల్లి స్టేషన్ మీదుగా పోయే కొన్ని రైళ్ళను చూడండి. డబ్ల్యూఏపీ-7, డబ్ల్యూఏజీ-9 రకం ఇంజిన్లు వేగం తగ్గించేటప్పుడు వాటి మోటార్లే జనరేటర్లయిపోతాయి. పుట్టిన కరెంటు పైనున్న తీగలోకి తిరిగి వెళ్తుంది. కరెంటు కారులో జరిగేదీ ఇదే. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే చక్రాలే మోటారును తిప్పుతాయి. కారు వేగం తగ్గుతుంది, బ్యాటరీలోకి కరెంటు చేరుతుంది.

ఎంత చేరుతుంది? టన్నున్నర బరువున్న కారు 80 వేగంలో ఉంటే దానిలో దాగిన శక్తి యూనిట్‌లో పదో వంతు. పది వాట్ల ఎల్‌ఈడీ బల్బు పది గంటలు వెలిగేంత! మామూలు కారులో బ్రేకు వేసిన ప్రతిసారీ అదంతా డిస్కులు వేడెక్కి గాలిలో కలిసిపోతుంది. ఇక్కడ అందులో కొంత వెనక్కి వస్తుంది.

దీని గొప్పతనాన్ని హైదరాబాద్ కళ్ళారా చూసింది కూడా. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ పోటీ జరిగింది. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ కార్లకు వెనక చక్రాల దగ్గర మామూలు హైడ్రాలిక్ బ్రేకుల్లేకుండా రూపొందించారు. పోటీలో ఖర్చయ్యే శక్తిలో కనీసం 40 శాతం బ్రేకుల నుంచే తిరిగి వస్తుందని నిర్వాహకులు చెప్పారు. 2024లో మరో పోటీ జరగాల్సి ఉన్నా రద్దయింది. నగరంలో మోత లేకుండా దూసుకెళ్ళిన ఆ కార్ల పాఠం మాత్రం మన ఇంటి కారులోనూ ఉంది.

రోడ్డు మీద ఎలా ఉందంటే... మధ్యస్థపు కారులో ఈ బ్రేకు గట్టిదనాన్ని పెంచుకునే, తగ్గించుకునే వీలుంది. ఎక్కువ పెట్టుకుంటే సర్వీసు రోడ్లో దాదాపు ఒక్క పెడల్‌తోనే నడపొచ్చు. కాలు తీసిన క్షణంలోనే వేగం తగ్గడం మొదలవుతుంది కాబట్టి అసలు బ్రేకు మీదికి కాలు చేరేలోపే కొంత దూరం కలిసొస్తుంది. పల్లె దారిలో ఇది వరం. పెద్ద కారు తన బరువుకు తగ్గ పెద్ద బ్రేకులతో దృఢంగా ఆగుతుంది. చిన్నది తేలిక కాబట్టి నగర వేగంలో ఇట్టే ఆగుతుంది కానీ, సన్నటి టైర్లతో వంద దగ్గర అంత ధైర్యమివ్వదు. దాన్ని 80 దాటించకపోవడమే మేలు.

కానీ ఓ మెలిక ఉంది. ఉప్పల్‌లో బయల్దేరేటప్పుడు బ్యాటరీ నూటికి నూరు శాతం నిండి ఉంది. నిండుకుండలో నీళ్ళెక్కడ పోస్తాం? కాలు తీసినా కారు రోజూ తగ్గినంత తగ్గదు. జనగామ దాటేసరికి బ్యాటరీలో చోటు దొరికింది, పట్టు పెరిగింది. ఒకే కారు పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఇంకోలా ఆగినట్టుంటుంది. అందుకే కాలు తీస్తే చాలు అనే భరోసా పెట్టుకోకూడదు. అసలు బ్రేకు పెడల్ ఎప్పుడూ పాదం పక్కనే ఉండాలి. మనం పూర్తిగా తొక్కితే డిస్కులు తమ పని తాము చేస్తాయి.

కోట దారిలో మలుపులు

హైవే దిగి ఖిలాషాపూర్ వైపు తిరిగితే అసలు హ్యాండ్లింగ్ తెలుస్తుంది. సర్దార్ సర్వాయి పాపన్న ఊరిది. మొఘలుల కాలంలో, 1708లో వరంగల్ కోట మీదికి దండెత్తిన గౌడ వీరుడు. ఏటా ఆగస్టు 18న ఆయన జయంతి జరుపుతారు. ఖిలాషాపూర్‌లో ఆయన కోట బురుజులు ఇంకా నిలిచి ఉన్నాయి. ఇదే మండలంలోని నిడిగొండలో కాకతీయుల కాలం నాటి త్రికూటాలయమూ ఉంది. కారు పరీక్ష పేరుతోనైనా ఈ రెండూ చూసి రావచ్చు.

దారిలో మలుపులు, స్పీడ్ బ్రేకర్లు, అంచున మట్టి, ఎదురుగా వడ్ల ట్రాక్టర్లు. కరెంటు కారు బరువంతా కిందే, నేలకు దగ్గరగా పరిచిన బ్యాటరీలో ఉంటుంది. అడుగు బరువున్న బొమ్మ తూలదు కదా! అందుకే ఎత్తుగా కనిపించే ఎస్‌యూవీ కూడా మలుపులో పెద్దగా ఒరగదు. పెద్ద కారులో వెనక చక్రాలు తోస్తుంటే ముందు చక్రాలకు తిరగడమొక్కటే పని. స్టీరింగ్ హాయిగా ఉంటుంది. ముందు చక్రాలే లాగే మధ్యస్థపు కారులో మట్టి మీద యాక్సిలరేటర్ గట్టిగా నొక్కితే చక్రం కాస్త జారినట్టవుతుంది. సున్నితంగా నొక్కితే ఏ ఇబ్బందీ లేదు. చిన్న కారు ఇరుకు సందుల్లో రాజు. ట్రాక్టరు ఎదురైతే పక్కకు ఒదిగిపోతుంది. గుంతల్లో మాత్రం ఎగిరెగిరి పడుతుంది.

స్పీడ్ బ్రేకర్ దగ్గర ముగ్గురికీ ఒకటే జాగ్రత్త. కారు కింద ఉన్నది కారులోకెల్లా ఖరీదైన వస్తువు. అడుగు తగలకుండా నెమ్మదిగా దాటించాల్సిందే.

తిరుగు ప్రయాణం ఎక్కుడే

రానూపోనూ రెండొందల కిలోమీటర్లు. చిన్న కారుకు కంపెనీ కాగితం మీద మూడొందలు ఉన్నా, హైవేలో ఏసీ వేసుకుని పోతే అది బాగా తగ్గుతుంది. దారిలో ఓ హోటల్ ఆవరణలో చార్జింగ్ పెట్టి భోజనం చేయాల్సి వచ్చింది. మిగతా రెండూ ఆగకుండా ఇల్లు చేరగలవు.

పోయేటప్పటికన్నా వచ్చేటప్పుడు కరెంటు ఎక్కువ ఖర్చవుతుంది. కారణం... హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. వరంగల్ అందులో సగం ఎత్తులో ఉంది. కంటికి చదునుగా కనిపించే ఈ దారి నిజానికి ఓ పొడవాటి ఎక్కుడు. టన్నున్నర కారును వరంగల్ నుంచి హైదరాబాద్ ఎత్తుకు చేర్చడానికే ఒక యూనిట్‌కు పైగా కావాలి. అంటే ఆరేడు కిలోమీటర్ల ప్రయాణం పోయినట్టే. పెట్రోలు కారులో ఎవరూ పట్టించుకోని విషయమిది. కరెంటు కారు భూగోళం పాఠాన్ని మళ్ళీ గుర్తు చేస్తుంది.

కొనేముందు చూడండి

* టెస్ట్ డ్రైవ్‌లో పికప్‌తోపాటు ఆగడం కూడా చూడండి. ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేనప్పుడు 40 వేగంలోంచి గట్టిగా బ్రేకు వేసి చూడండి. కారు నిటారుగా ఆగాలి, పక్కకు లాగకూడదు.
* కాలు తీసినప్పుడు పడే బ్రేకును అన్ని స్థాయిల్లోనూ వాడి చూడండి. ఇంట్లో నడిపే అందరికీ అలవాటయ్యేదాకా తక్కువ స్థాయిలో ఉంచండి.
* కాలు తీయగానే గట్టిగా వేగం తగ్గినప్పుడు వెనక బ్రేకు లైట్లు వెలుగుతున్నాయో లేదో ఎవరినైనా చూడమనండి. వెనకొచ్చేవాళ్ళకు అదే హెచ్చరిక.
* డిస్కులు తక్కువగా వాడతాం కాబట్టి వానాకాలంలో తుప్పు పట్టొచ్చు. అప్పుడప్పుడు పెడల్ బ్రేకు కూడా వాడాలి. బ్రేకు ద్రవాన్ని కంపెనీ చెప్పిన గడువుకు మార్పించాలి.
* టైర్లు మార్చేటప్పుడు ధర కాదు, బరువు మోసే రేటింగ్ చూడాలి.
* తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో విద్యుత్తు వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయిస్తూ ఉత్తర్వులిచ్చింది. గడువు 2026 డిసెంబరు 31. కొనే రోజుకు ఏది అమల్లో ఉందో కనుక్కోండి.

ఇంతకీ ఏది గెలిచింది?

ఒక్కరే, ఎక్కువగా నగరంలో తిరిగేవాళ్ళకు చిన్నది చాలు. నెలకోసారి ఊరెళ్ళి వచ్చే కుటుంబానికి మధ్యస్థపుది సరైన జోడీ. పికప్, పట్టు, బ్రేకు... మూడూ సమపాళ్ళలో ఉన్నది అందులోనే. పెద్దది అన్నిట్లోనూ ముందే ఉంది, ధరతో సహా! కానీ దాని బలం ఎంత గొప్పదో, నడిపేవాళ్ళకు అంత నిగ్రహం కావాలి.

కారు సెకన్లలో వంద అందుకోవడం కంపెనీ ఇంజినీర్ల ప్రతిభ. ఆ కారును ఊరు రాగానే అరవైకి దించడం మాత్రం మన చేతిలో, కాదు... మన కాలిలో ఉన్న పని. వరంగల్ చేరడానికి మహా అయితే ఐదు నిమిషాలు ఆలస్యమవుతుంది. రోడ్డుకు అటున్న పొలం నుంచి ఇటున్న ఇంటికి పోయే మనిషికి మాత్రం ఆ తగ్గించిన వేగమే రెండు పిచ్‌ల దూరాన్ని మిగులుస్తుంది.

ఈసారి ఆ దారిన వెళ్తుంటే ‘రఘునాథపల్లి’ బోర్డు కనిపించగానే ఒక్కసారి కాలు తీసి చూడండి. బ్యాటరీలోకి కాస్త కరెంటు వస్తుంది. రోడ్డు దాటాలని అంచున నిలబడ్డవాళ్ళకు కాస్త వ్యవధి దొరుకుతుంది.